గాజులు తొడిగే చేతికి రాని పిట్ట

నాకు పిట్టలంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అనొద్దు. పిండిగిర్నీ నడుపుకునే ఆడదానికి పిట్ట అంటే గింజలు తినిపోయే దొంగ. ఎండబోసిన జొన్నల మీద వాలే పిచ్చుకలను అదిలించడంతోనే నా సగం ఆయుష్షు గడిచింది. అలాంటి నేను ఒక ఆకుపచ్చ పిట్ట గురించి కూర్చుని ఇంత చెబుతున్నానంటే అందులో ఆ పిట్ట గొప్పేమీ లేదు. అంతా మా గోడ పక్కింటి సర్వరీ బేగం వల్లే.

సత్తుపల్లిలో బజారు వెనక వీధిలో మా పిండిగిర్నీకీ, సర్వరీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గిర్నీ మా ఆయన జయరాజ్ పెట్టింది. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నా పేరు మహిమ. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని మా పాస్టరుగారు కనబడినప్పుడల్లా నాకు చెబుతుంటారు. ఊరి సంగతి నాకు తెలియదుగానీ నా నోరు మాత్రం మారలేదు.

సర్వరీది గాజుల పని. గాజులు అమ్మడం ఎవరైనా అమ్ముతారు. సర్వరీ తొడుగుతుంది. అందులోనే ఉంది కిటుకంతా. మట్టిగాజు ఎంత బిగుతుగా ఉంటే మణికట్టు మీద అంత అందం. కానీ బిగుతు గాజు పిడికిలి దాటాలంటే చెయ్యి మెత్తబడాలి. భయపడిన చెయ్యి మెత్తబడదు. బిగుసుకుంటుంది, గాజు పగులుతుంది, రక్తం వస్తుంది. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో గెలలు మోసే ఆడవాళ్లు వచ్చేవారు. ముళ్లు దిగి, కాయలు కాసి, వాళ్ల చేతులు చేతుల్లా ఉండవు. సర్వరీ వాళ్ల బొటనవేలి మొదలును తన వేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ “ఇయ్యాల ఏం కూరొండినవ్ వదినా?” అని అడిగేది. వాళ్లు జవాబు చెప్పి తేరుకునేలోగా అరడజను గాజులు మణికట్టు మీద ఉండేవి. పురిటి పిల్లలకు నల్లగాజులు వేసేటప్పుడు, ఏడ్చే పిల్ల కూడా ఆమె చేతిలో చెయ్యి పెట్టగానే నోరు మూసేది. నేను కళ్లారా చూశాను.

ఆమె భర్త అహ్మద్ పాషా. వెనకటికి మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే తిరిగేవారు. సంతలకు, జాతరలకు, నవమికి భద్రాచలానికి. పెట్టె ఆయన మోసేవాడు, గాజులు ఆమె తొడిగేది. తర్వాత మా ఊరి పక్కన బొగ్గు బావి తవ్వారు. బావి అంటే లోపలికి దిగేది కాదు, పైనుంచి పేల్చుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్. పాషాకు అక్కడ కాంట్రాక్టు పని దొరికింది, అదీ పేలుడు గ్యాంగులో. రాతిలో వరసగా గుంతలు వేస్తారు, ఈయన, ఈయన తోటివాళ్లూ వాటిలో మందు నింపుతారు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. అందరూ దూరంగా పోతారు. తర్వాత భూమి అదురుతుంది. మా గిర్నీలో తూకం రాళ్లు తక్కెడలోనే గడగడమంటాయి. బీరువా అద్దాలు పగిలినవాళ్లు ఉన్నారు, గోడలు నెర్రెలిచ్చినవాళ్లు ఉన్నారు. మొదట్లో అందరం తిట్టుకున్నాం. తర్వాత సైరన్ వింటే అన్నం తినే వేళయిందని అనుకోవడం మొదలుపెట్టాం.

సర్వరీ ఇంట్లో ఒక్కతే అయిపోయింది. పాషాకు అది తెలుసు. రెండు వేల ఏడులో, ఎండలు ముదరకముందే, ఒక సంతరోజు ఆయన ఒక చిన్న పంజరం తెచ్చాడు. అందులో ఆకుపచ్చ లవ్‌బర్డ్ ఒకటి. నుదురు పసుపు, ముక్కు మీద నీలం.

“నువ్వు ఒక్కదానివే ఉంటున్నవ్ గదా. మాట్లాడుకో దీంతోని” అన్నాడు.

ఖమ్మం నుంచి సైకిలు మీద పంజరాలు కట్టుకొచ్చి సంతలో అమ్మే అజారుద్దీన్ అనే అతని దగ్గర కొన్నాడట. “వీటిని జతగనే ఇస్త భాయ్. దీని జత దారిల సచ్చిపోయింది. వచ్చే సంతకు ఇంకోటి తెస్త, ఆగు” అని అతను అంటే, ఒకటి చాలులే అని పాషా తెచ్చేశాడు. సర్వరీ దానికి చమ్కీ అని పేరు పెట్టింది. ఆ సాయంత్రం ఆమె ముఖం చూడాలి. కొత్త కోడల్ని ఇంటికి తెచ్చుకున్న అత్త కూడా అంత మురిసిపోదు.

ఆ మురిపెం మర్నాటి సైరన్ దాకానే ఉంది.

సైరన్ కూయగానే సర్వరీ పంజరాన్ని కొక్కెం నుంచి దించి, ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. భూమి అదిరినా పంజరం కదలకూడదని ఆమె ఆలోచన. పేలింది. చమ్కీ లోపల గిలగిలా కొట్టుకుంది. కడ్డీలకు గుద్దుకుంది, ఈకలు రాలాయి. “యా అల్లా, భయపడకు బేటీ, భయపడకు” అంటూ సర్వరీ పంజరాన్ని ఇంకా గట్టిగా హత్తుకుంది. అప్పటినుంచి రోజూ అంతే. సైరన్ రాబోయే వేళకే పంజరం ఒళ్లోకి వచ్చేసేది.

మిగిలిన వేళల్లో ఆమె దాన్ని మచ్చిక చేసుకోవాలని చూసేది. నా దగ్గరికొచ్చి కొర్రలు పట్టుకుపోయేది. తలుపు తీసి, కొర్రలు అరచేతిలో పోసి, ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఆ చెయ్యి లోపలికి పోయిందా, పిట్ట అవతలి మూలకు ఎగిరి నోరు తెరిచి రొప్పేది. గంటసేపు కూర్చున్నా రాదు. బుజ్జగించినా రాదు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లను ఒక్క మాటతో మెత్తబరిచిన చెయ్యి, గుప్పెడు పిట్ట దగ్గర ఓడిపోయింది. అది ఆమెకు ముల్లులా దిగింది.

“నేనేం పాపం చేసిన అక్కా? ఈ చేతిని చూసి ఎవరూ భయపడలే ఇప్పటిదంక” అని ఒకరోజు నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

మొదట నా గిర్నీ మీద పడింది నింద. వీధిలో ఆడవాళ్లు ‘ఆ మోతకే పిట్ట బెదురుతుంది’ అన్నారు. సర్వరీ మొహమాటపడుతూ వచ్చి పగలు కాసేపు ఆపగలవా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిట్ట చేతికి రాకుంటే నా గిర్నీదా తప్పు? రా, చూద్దాం పా!” అని మోటారు అట్లాగే వదిలేసి వాళ్లింట్లోకి నడిచాను. గోడ అవతల గిర్నీ గుర్రుమంటోంది. చమ్కీ కొయ్యమీద కూర్చుని ఆ మోతకు తగ్గట్టు కిచకిచమంటోంది, తల ఊపుతోంది. “బెదురుతున్నదా? పాడుతున్నది!” అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కోపంలో పంజరం తలుపు తీసి, పిండి అంటిన నా అరచెయ్యే లోపల పెట్టాను. చమ్కీ ఒక అడుగు అటు వేసింది, ఒక అడుగు ఇటు వేసింది, వంగి నా చేతి మీది నూక ఏరుకుని తినేసింది.

నేను గెలిచానని నవ్వబోయి సర్వరీ ముఖం చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆ తర్వాత కొర్రలకు కూడా నా దగ్గరికి రాలేదు. గోడ అవతల ఉన్న మనిషి మాట్లాడకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. చివరికి నేనే కొర్రలు పట్టుకుని పోయాను. “తప్పు నాది కాదు, నీ పిట్టది” అన్నాను. అదే నా క్షమాపణ. ఆమె తీసుకుంది.

ఈలోగా చమ్కీ చిక్కిపోయింది. రొమ్ము ఎముక పైకి కనబడేట్టు ఉందని, రెక్క కింద ఈకలు తనే పీక్కుంటోందని సర్వరీ బెంగపడింది. సంతరోజు అజారుద్దీన్‌ను ఇంటికి పిలిపించాం. అతను పంజరం ముందు కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఇవి రోగంతోని సచ్చేదానికంటే భయంతోని సచ్చేది ఎక్కువ అక్కా. ఇట్లనే ఉంటె ఒకనాడు గుండె ఆగిపోతది. జత తెస్త, పక్కన ఇంకోటి ఉంటె ధైర్యం వస్తది” అన్నాడు.

“జత వస్తె నా చేతికి వస్తదా?” అని అడిగింది సర్వరీ.

అతను అబద్ధం చెప్పే రకం కాదు. “రాదు. జత దొరికినంక మనిషితోని దానికేం పని?”

“అయితె వద్దు” అంది సర్వరీ. “ముందు నా చేతికి రానియ్. అప్పుడు చూద్దాం.”

“అప్పటిదంక అది బతకాలె గదక్కా” అన్నాడు అజారుద్దీన్. ఆమె ముఖం తిప్పుకుంది. మొండిది. నేను తిట్టాను కూడా. కానీ లోపల ఎక్కడో ఆ మొండితనం నాకు అర్థమైంది. ఉన్న ఒక్క విద్యా ఒక పిట్ట ముందు చెల్లకపోతే ఎవరికైనా పంతం రాదా?

నిందలో తర్వాతి వంతు గాజులది. గలగలకు బెదురుతోందేమో అనే ఆలోచన ఆమెకు ఎప్పుడు వచ్చిందో, ఒక మధ్యాహ్నం పిండి పట్టి ఇవ్వడానికి పోయేసరికి సర్వరీ బోసి చేతులతో కూర్చుని ఉంది. రెండు చేతుల గాజులూ తీసి పీట మీద పెట్టింది.

“ఓసి నీ అసాధ్యం కూలా! ఏందే ఇది?” అని అరిచాను. “నీ మొగుడు మందుగుంతల నడుమ తిరుగుతుంటే నువ్ చేతులు బోసి చేసుకుని కూసుంటవా? బోసి చేతులు ఎట్లుంటయో నన్నడుగు, నేను చెప్త! ముందు తొడుక్కో!”

“పిట్ట కోసం అక్కా, జర్ర సేపే…” అంటుండగానే సైరన్ మోగింది. పంజరం ఒళ్లోకి పోయింది. భూమి అదిరింది. చమ్కీ ఎప్పటికంటే ఎక్కువ కొట్టుకుంది. గాజులు లేకపోయినా ఏమీ మారలేదు.

ఆ రోజు పాషా వేళకు రాలేదు.

రోజూ ఎండ మా అరుగు దిగేసరికి ఆయన మోటారు సైకిలు చప్పుడు వీధి మలుపులో వినబడేది. ఎండ దిగింది. నీడ కూడా పోయింది. బావి దగ్గర సెల్‌ఫోన్లు ఉంచుకోనివ్వరు, ఫోన్ చేసినా ఇంట్లో పెట్టెమీదే మోగుతుంది. బావి వైపు నుంచి వచ్చే ప్రతి బండినీ ఆపి అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. సర్వరీ గడపలో కూర్చుని ఉంది. గాజులు మళ్లీ తొడుక్కోమని నేను చెప్పలేదు. ఇప్పుడు తొడుక్కుంటే ఆ అపశకునం నిజమని ఒప్పుకున్నట్టు అవుతుందని భయం వేసింది. ఇద్దరం ఆ పీట వైపు చూడకుండా కూర్చున్నాం. ప్రభువా, ఈ ఒక్కసారి అని నేను, ఆమె తన దేవుణ్ణి ఆమె, నోరు విప్పకుండా వేడుకున్నాం.

దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. బొగ్గు దుమ్ముతో ముఖం నల్లగా ఉంది, మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. “ఒక గుంత పేలలే. పేలని గుంత ఉంటె ఎవరూ కదలొద్దు, ఆగాలె” అన్నాడు, రేషన్ దుకాణంలో లైను పెద్దగా ఉందన్నంత మామూలుగా. అప్పుడు భార్య చేతులు చూశాడు.

“ఏమైంది?”

“చమ్కీ బెదురుతున్నదని తీసిన.”

ఆయన కోప్పడలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా పీట ముందు కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని, ఒక్కొక్క గాజూ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు పెట్టె మోశాడుగానీ తొడగడం ఆయనకు రాదు. రెండోది పగిలింది. ఆమె చెయ్యి మీద ఎర్రగా గీత పడింది. “నొస్తున్నదా?” అన్నాడు. “లే” అంది. నేను ఇక అక్కడ ఉండకూడదని లేచి వచ్చేశాను. గోడ ఇవతల కూర్చుని ఒక్కదాన్నే బాగా ఏడ్చాను. ఎందుకో నన్నడగొద్దు.

తర్వాత వానలు పడ్డాయి. ఒక పగలు మబ్బు కమ్మి, ఉరుములు మొదలై, కరెంటు పోయింది. గిర్నీ ఆగిపోయింది. గిరాకీ లేదు. గొడుగు వేసుకుని సర్వరీ ఇంటికి పోయి కూర్చున్నాను. ఆమె గోడ గడియారం వైపు చూసి, పంజరం దించి, ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది.

ఎదురు చూశాం. సైరన్ రాలేదు. ఉరుములప్పుడు మందు పేల్చరని, ఆ రోజు పని ఆపేశారని మాకు సాయంత్రం తెలిసింది. అప్పుడు మాత్రం తెలియదు. సైరన్ లేదు, పేలుడు లేదు, భూమి కదల్లేదు. అయినా చమ్కీ కడ్డీలకు కొట్టుకుంటోంది. అప్పుడే ఒక చప్పుడు విన్నాను. సన్నగా, ఆగకుండా, గలగలమని. గిర్నీ నడిచే ఏ రోజూ నాకు వినబడని చప్పుడు. వానలో ఎక్కడినుంచా అని చూశాను. సర్వరీ గాజులు. పంజరం కడ్డీలకు తగిలి మోగుతున్నాయి. గాజులు మోగుతున్నాయంటే చెయ్యి వణుకుతోంది. చెయ్యి వణుకుతుంటే పంజరం వణుకుతోంది, లోపలి కొయ్య వణుకుతోంది.

“సర్వరీ” అన్నాను. “భూమి అదురుతలే. నువ్ అదురుతున్నవ్.”

ఆమె చేతుల వైపు చూసుకుంది. తనవి కావన్నట్టు చూసుకుంది. గభాలున పంజరం కింద పెట్టి చేతులు కొంగులో దాచుకుంది. చమ్కీ నెమ్మదించింది. ఆ నెమ్మదించడం చూసి సర్వరీ ఏడుపు అందుకుంది.

“ఆయన ఆ పనిల చేరిన కాడి నుంచి, ఈ టైమైతె నా పానం నా దగ్గర ఉండదక్కా. బండి చప్పుడు వినేదంక ఉండదు. పగటిపూట గాజులకు ఎవరొచ్చినా సాయంత్రం రాపోండ్రి అంట. చెయ్యి ఆగదు, పగలగొడుత అని భయం. పిట్టను నేనే పట్టుకుని, రోజూ నేనే భయపెట్టిన. అది నన్ను చూసి భయపడుడు తప్పా?”

పగటిపూట గిరాకీని తిప్పి పంపుతోందంటే ఆమెకు పొగరెక్కిందని నేను వీధిలో అనని రోజు లేదు. నా నోటికి పురుగులు పడ.

“పాషా భాయికి చెప్పు మరి. ఆ పని కాకుంటే ఇంకో పని” అన్నాను.

ఆమె ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. “చెప్పకక్కా! నీ కాళ్లు మొక్కుత. నేను ఇట్ల భయపడుతున్న అని తెలిస్తె ఆయనకు అక్కడ చెయ్యి వణుకుతది. అక్కడ చెయ్యి వణకొద్దు.”

పంజరం నేనే తీసి కొక్కేనికి తగిలించాను.

మర్నాడు వాన తగ్గింది, కరెంటు వచ్చింది. సైరన్ వేళకు ముందే గిర్నీ ఆపేశాను. లైనులో ఉన్న ఆడవాళ్లు గునిసారు. “పిండి ఎక్కడికీ పోదు, కూసోండ్రి” అని సర్వరీ ఇంట్లోకి పోయాను. ఆమె నడిమింట్లో నిలబడి ఉంది. పంజరం కొక్కేనికే ఉంది.

“దాన్ని ముట్టుకోనక్కా. కానీ ఈ చేతులు ఏడ పెట్టుకోవాలె?” అంది.

నేను ఆమె ముందు కూర్చుని నా కుడిచెయ్యి చాచాను. “తొడుగు.”

ఆమె నా మణికట్టు చూసింది. మా ఆయన పోయిన నాటినుంచి దానిమీద గాజు ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే మనసు రాలేదు. “అక్కా, నువ్వు…” అంది.

“నన్నేం చూస్తున్నవ్? గాజుల దుకాణం పెట్టినవ్, గిరాకీ వచ్చింది. తొడుగు జల్దీ.”

ఆమె నా చెయ్యి తీసుకుంది. మొదట వణుకుతూనే తీసుకుంది. బొటనవేలి మొదలు దగ్గర నొక్కింది. ఏళ్ల తరబడి బస్తాలెత్తిన చెయ్యి నాది, ఒక పట్టాన మెత్తబడేది కాదు. నొక్కుతూ నొక్కుతూ ఉంటే ఆమె వేళ్లకు తమ పని గుర్తొచ్చింది. వణుకు తగ్గింది. ఆకుపచ్చ గాజు ఒకటి వేళ్లమీదికి తెచ్చింది. అప్పుడు సైరన్ మోగింది.

గాజు నా పిడికిలి ఎముకల మీద ఆగింది, అటు పోదు, ఇటు రాదు. “కూర ఏం చేసినవక్కా?” అంది సర్వరీ. గొంతు సన్నగా ఉందిగానీ అడిగింది. “దోసకాయ పప్పు” అన్నాను. భూమి అదిరింది. తూకం రాళ్లు గోడ అవతల గడగడమన్నాయి. గాజు పగలకుండా నా మణికట్టు మీదికి జారింది.

కొక్కేనికి వేలాడే పంజరంలో చమ్కీ ఒక్కసారి రెక్కలు విదిల్చింది. ఈకలు సర్దుకుంది. అంతే.

ఆ రోజు నుంచి సైరన్ వేళ నా చెయ్యి సర్వరీది. వీధిలో మాటలు పుట్టాయి. ఈ వయసులో మహిమకు గాజుల సరదా ఏమిటని మా చర్చికొచ్చే ఒకావిడ నా ముందే అంది. “పిండి కావాల్నా, నా మణికట్టు కావాల్నా? పిండైతే తీసుకుని నడువ్” అన్నాను.

వానలు వెనకబట్టే నాటికి చమ్కీకి రెక్క కింద కొత్త ఈకలు వచ్చాయి. సర్వరీ పంజరం తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి కూర్చుంటే, అది మూలకు పోవడం మానేసింది. దూరం నుంచి చూసేది. తర్వాత దగ్గర నుంచి చూసేది. ఒక పొద్దున్నే గోడ అవతల నుంచి సన్నగా ‘అక్కా, అక్కా’ అన్న పిలుపు వినబడింది. ఏం కొంప మునిగిందో అని పరుగెత్తాను.

సర్వరీ కదలకుండా కూర్చుని ఉంది. కళ్లతోనే నన్ను ఆగమంది. ఆమె చూపుడువేలి మీద చమ్కీ ఉంది. కొర్రకంకి కాదు, గింజలు లేవు, ఉత్త వేలు. ఆ పిట్ట వంగి ఆమె గాజును ముక్కుతో పొడిచింది. టింగుమంది. మళ్లీ పొడిచింది. సర్వరీ బుగ్గల మీదుగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి కదపదు. నాకు పిట్టలంటే ఇష్టం లేదని చెప్పాను కదా. ఆ పొద్దున మాత్రం కాసేపు ఆ సంగతి మరిచిపోయాను.

ఆ వారం సంతకు అజారుద్దీన్ వచ్చాడు. చమ్కీ ఆమె వేలిమీద కూర్చోవడం చూసి చేతులెత్తి మొక్కాడు. “ఇంక మీకు జత అక్కర్లే అక్కా. బతికింది, మచ్చికైంది. ఇప్పుడు ఇంకోటి పెడితె చేతులారా పోగొట్టుకున్నట్టే. నా బేరం పోయినా సరే, నిజం చెప్తున్న” అన్నాడు.

అతని సైకిలు మీద పంజరంలో నీలం రంగు పిట్ట ఒకటి ఉంది. సర్వరీ దానివైపు చూసింది. తన వేలివైపు చూసింది.

నేను ఊరుకోలేకపోయాను. “ఇన్నాళ్లు ఏడ్చి ఏడ్చి సంపాయించుకున్నవ్. ఊకో. వద్దను” అన్నాను.

“అక్కా” అంది నెమ్మదిగా. “మధ్యాహ్నమైతె గోడ అవతల నుంచి నువ్వొస్తున్నవ్. అందుకే నా చెయ్యి నిలబడ్డది. నేను బజారుకు పోయినప్పుడు సైరన్ మోగితె, దీనికి గోడ అవతల ఎవరున్నరు?”

వేలిమీది చమ్కీని పంజరంలోకి పంపింది. అది దిగనంది. వేలు పట్టుకుని ఉండిపోయింది. సర్వరీ ఇంకో చేతి వేలితో దాని కాళ్లు ఒక్కొక్కటే విడిపించి, కొయ్య మీద పెట్టింది. “తేవయ్యా, ఆ నీలందాన్ని” అంది.

కొన్నాళ్లు రెండూ చెరో మూలన కూర్చున్నాయి. తర్వాత ఒక మూలనే కూర్చున్నాయి. ఇప్పుడు సైరన్ మోగితే రెండూ భుజాలు ఆనించుకుని ఒకదాని మెడ ఒకటి గీరుకుంటాయి. చమ్కీ మళ్లీ సర్వరీ చేతికి రాలేదు. ఆమె వేలు చాస్తే భయపడదు, మూలకు పోదు, చూస్తుంది, రాదు. అజారుద్దీన్ చెప్పినట్టే అయింది.

“ఒకసారి వచ్చింది గదక్కా, చాలు” అంటుంది సర్వరీ. చాలదు. చాలదని నాకు తెలుసు. పొద్దున పూట ఎవరూ చూడనప్పుడు ఇప్పటికీ ఆమె ఆ పంజరంలో వేలు పెట్టి కూర్చుంటుంది.

మధ్యాహ్నం కాగానే నేను ఆ పూటకు గిర్నీ ఆపేస్తాను. నా చేతికి ఇంక గాజులు పట్టవు. అందుకని ముందురోజు తొడిగినవే తీసి మళ్లీ తొడుగుతుంది. సైరన్ మోగుతుంది, భూమి అదురుతుంది, కూర ఏం చేసినవని అడుగుతుంది, చెబుతాను. గాజులన్నీ ఎక్కడం అయిపోయినా, వీధి మలుపులో పాషా బండి చప్పుడు వినబడేదాకా నా చెయ్యి నాకు ఇవ్వదు.